ఒక్కపొద్దుకు అడ్డం రాని రసం

మా అక్క ప్రమీలాదేవి ఎడమకాలి మెట్టెవేలు పోయింది. కీరకాయ తిన్నందుకు పోయిందట! ఒక్కపొద్దు నాడు పచ్చి కూరగాయ నమిలిందట, దేవుడికి కోపం వచ్చిందట, వేలు తీసుకున్నాడట. ఈ మాట పుట్టించింది మా బావగారి అక్క కొండవ్వ. ఆమె నోట్లోంచి బయటపడి, సిద్దిపేటలో నాలుగు గల్లీలు తిరిగి, కొండపాక దాకా పోయి, అక్కడి నుంచి మళ్లీ నా చెవికే వచ్చింది. విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. దేవుడికి వేరే పని లేదా? ఎవరింట్లో ఎవరు ఏ కాయ కొరికారా అని చూస్తూ కూర్చుంటాడా? అందుకే అసలు జరిగిందేమిటో చెప్తున్నాను. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువే. ఇంటికి ఒక్కరికైనా ఉండాలి కదా.

మా పుట్టిల్లు బెజ్జంకి. అమ్మానాన్నలకు పొలం తప్ప మరో లోకం తెలియదు. నన్ను పెంచింది అక్కే. నా తల దువ్వింది, బడికి సద్ది కట్టింది, నేను ఎవరి జుట్టో పీకి వస్తే వాళ్లింటికి పోయి నా వంతు తిట్లు తాను తిని వచ్చింది. వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. అక్కకు కోపం రాదు. రావలసిన చోట కూడా రాదు. ఆమె వాటా కోపం కూడా దేవుడు నీకే పెట్టాడే అని అమ్మ నన్ను తిట్టేది.

బావ పేరు దామోదర్. వాళ్లది కొండపాక పక్కన భూములున్న కుటుంబం. ఊళ్లో బత్తాయి తోట, సిద్దిపేటలో ఎరువుల దుకాణం, దాని మీదే ఇల్లు. బావ ఒకసారి ఎంపీటీసీగా గెలిచాడు. ఒకసారే. అప్పటి నుంచి ఆయన దుకాణంలో కంటే సభల్లో, దీక్షా శిబిరాల్లో ఎక్కువ కనిపిస్తాడు. దుకాణం నడిపేది అక్క. యూరియా సరిపోక రైతులు లొల్లికి దిగినప్పుడు గల్లా దగ్గర కూర్చుని, "ఏందన్నా, ఇంటికాడ అందరు మంచిగున్నరా? కూసో, మంచినీళ్లు తాగు" అంటుంది. అరవడానికి వచ్చిన మనిషి నీళ్లు తాగి కూర్చుంటాడు. ఆ చోట నేనుంటే గ్లాసు విసిరేదాన్ని. నేను కూడా సిద్దిపేట కోడలినే. అక్క ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటాను, మాది బట్టల దుకాణం.

కొన్నేళ్ల కింద బావ కారు రాజీవ్ రహదారి మీద లారీ కిందికి దూరింది. హైదరాబాద్‌లో దవాఖాన మంచం మీద ఆయన కళ్లు తెరవకుండా పడి ఉంటే, అక్క బయట కుర్చీలో కూర్చుని వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది. మనిషి దక్కితే తాను బతికి ఉన్నన్నాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉంటానంది. మనిషి దక్కాడు. ఒక్కపొద్దు మొదలైంది. శనివారం చాలదన్నట్టు తర్వాత సోమవారం చేరింది, ఏకాదశి చేరింది. బావ నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు: "నేను డాక్టర్లతోని బతకలే. మా ప్రమీల ఒక్కపొద్దులతోని బతికిన."

చెప్పుకుని ఊరుకుంటే మాకీ గతి పట్టేది కాదు. ఆయన రుణం తీర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తానుగా ముంచుకోని మనిషి, ఒక్కపొద్దు నాడు పొద్దున్నే లేచి, లుంగీ ఎగ్గట్టి, తన తోట బత్తాయిలు కోసి, పిండి, పీచు గింజ లేకుండా వడగట్టి, పెద్ద స్టీలు గ్లాసు నిండా అక్క చేతికిచ్చేవాడు. చూసినవాళ్లంతా మురిసిపోయారు. "మొగడంటే దామోదర్ లెక్క ఉండాలె" అని మా ఆయన ముందు నేను కూడా అన్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

వాళ్లింట్లో ఒక్కపొద్దు పద్ధతి కొండవ్వ చెప్పినట్టు నడుస్తుంది. పొద్దంతా అన్నం ముట్టకూడదు, దీపం పెట్టాక ఒక్కపూట తినాలి. అప్పటిదాకా పాలు తాగొచ్చు, చాయ్ తాగొచ్చు, పండు తినొచ్చు, పండ్లరసం ఎంతైనా తాగొచ్చు. అవేవీ ఒక్కపొద్దుకు అడ్డం రావు. కూరగాయ మాత్రం ముట్టకూడదు. పచ్చిదైనా వండిందైనా కూరగాయ కూరగాయే, తింటే అన్నం తిన్నట్టే. ఏ శాస్త్రంలో ఉందని ఒకసారి అడిగాను. "మా అత్తమ్మ చెప్పింది" అంది కొండవ్వ. అయిపోయింది.

ఇంతలో అక్కకు షుగర్ వచ్చింది. గోలీలు మొదలయ్యాయి. పరగడుపున వచ్చి రక్తపరీక్ష చేయించుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. మా వాళ్ల తెలివి ఇక్కడ చూడండి! పరీక్షకు వేరే రోజు ఖాళీ కడుపుతో ఉండటం ఎందుకు, ఎట్లాగూ శనివారం ఒక్కపొద్దే కదా, అదే రోజు పోతే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయనుకున్నారు. ప్రతిసారీ శనివారమే పోయారు. "ఏమీ తినలేదు కదమ్మా?" అని అడిగితే, "లేదమ్మా, ఒక్కపొద్దు" అని అక్క చెప్పింది. ఆమె దృష్టిలో అది నిజమే. పరగడుపునే ఇంత షుగరా అని డాక్టరమ్మ గోలీలు పెంచింది. మళ్లీ శనివారం, మళ్లీ పరీక్ష, మళ్లీ పెంచింది. పెంచిన గోలీ వేసుకుని పొద్దంతా అన్నం లేకుండా ఉంటే సాయంత్రానికి షుగర్ పడిపోయి కళ్లు తిరగవా? తిరిగాయి. బావ పరుగున రసం పిండి తాగించేవాడు, అక్క తేరుకునేది. "సూసినవా, రసంల ఎంత బలమున్నదో!" అనేవాడు. అట్లా ఒక్కపొద్దు నాటి రసం రోజువారీ రసమైంది. మామూలు రోజున కూడా పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు.

ఇవేవీ నాకప్పుడు తెలియవు. అక్కకు షుగర్ దిగడం లేదని మాత్రం తెలుసు. ఈలోగా తోటలో కాయ తెంపుతుంటే బత్తాయి ముల్లు ఒకటి చెప్పులోంచి దిగి ఎడమ పాదం మెట్టెవేలికి గుచ్చుకుంది. షుగర్‌తో కాళ్లు మొద్దుబారి ఉన్నాయి కాబట్టి ఆమెకు తెలియనే లేదు. చీము పట్టి వాసన వచ్చాక తెలిసింది. పుండు మానదు. కట్టు మార్చిన కొద్దీ వేలు నల్లబడుతోంది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది: షుగర్ దిగితే పుండు మానుతుంది, దిగకపోతే వేలు తీసెయ్యాలి, ఆలస్యమైతే పాదమే తీసెయ్యాల్సి వస్తుంది.

దవాఖాన నుంచి ఆటోలో వస్తూ అక్క నన్ను ఒకటే అడిగింది.

"చెల్లె, గా వేలు పోతే మెట్టె ఏ వేలికి పెట్టుకోవాలె?"

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "పాదం ఉంటదా పోతదా అని చూస్తుంటే మెట్టె ముచ్చటేందక్కా!" అని అరిచాను. ఆటో నడిపేవాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. అక్క నా చేతి మీద చెయ్యి వేసింది.

తర్వాతి శనివారం బావకు ఏదో సభ ఉంటే పరీక్షకు అక్కను నేను తీసుకుపోతానన్నాను. పొద్దున్నే వాళ్లింటికి పోయాను. అక్క చెప్పులు వేసుకుని గడపలో నిలబడి ఉంది. చేతిలో స్టీలు గ్లాసు. నా కళ్లముందే గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "పా పోదం" అంది.

"ఏం తాగినవక్కా?"

"రసమే. బావ పిండిండు."

"పరగడుపున పోవాలె గద టెస్టుకు!"

"పరగడుపేనే. ఒక్కపొద్దు నాకు. రసమే గద తాగిన, అన్నం తిన్ననా ఏంది?"

"ఎన్ని రోజుల సంది గిట్ల తాగి పోతున్నవు?"

"ఎప్పటి సందో. ఒక్కపొద్దుకు అడ్డం రానిది టెస్టుకెట్ల అడ్డమొస్తది?"

గ్లాసు లాక్కుని వంటింట్లోకి పోయాను. బావ చేతులు కడుక్కుంటున్నాడు. పక్కన బుట్టలో పిండేసిన పిప్పి, తోటలో బర్రెకు వేసేది, కుప్పగా పడి ఉంది.

"బావా, మీరు అక్కను బతికించుకుంటున్నరా, సంపుకుంటున్నరా?" అన్నాను.

"ఏందే సంగీతా, పొద్దుపొద్దుగాల్నే లొల్లి? సొంత తోట పండ్లు. మందు కొట్టని చెట్లు. సక్కెర ఒక్క పలుకు గూడ ఎయ్యలే."

"మీరు ఎయ్యకుంటే ఏంది, పండులనే ఉన్నది సక్కెర!"

"పండుల ఉన్నది దేవుడిచ్చిన సక్కెర. అది మంచిదే చేస్తది."

ఇంకేం మాట్లాడాలి? దేవుడిచ్చిన చక్కెరట! రక్తానికి ఎవరిచ్చిందో తెలుస్తుందా?

"గా గ్లాసుకు ఎన్ని కాయలు పిండిన్రు?"

"ఐదారు పడతయి. పెద్ద గ్లాసు గద."

అక్క వైపు తిరిగాను. "నీ ముంగట ఆరు కాయలు ఒలిచి పెడితే ఒక్కపారి తింటవా?"

"ఎట్ల తింటనే? రెండు తినంగనే కడుపు నిండుతది."

"మరి ఆరింటి తీపి నీకు ఒక్క గుక్కల తాగిస్తుండు నీ మొగడు! కడుపు నింపే పీచంత అగో, బుట్టల ఉన్నది, సూడు! బలమున్నది బర్రెకు పోతున్నది, తీపి నీకొస్తున్నది!"

బావకు కూడా కోపం వచ్చింది. తన తోటను అన్నందుకు వచ్చింది, అక్క వేలి గురించి కాదు. "ఒక్కపొద్దు ఉన్న మనిషి ఏమన్న తాగకుంటే పడిపోదా? నీకు దేవుడంటే భయం లేదు, నియమం తెల్వది" అన్నాడు.

నియమం అన్నాడు కదా, నాకు గోడ మీది ఫోటో కనిపించింది. హాల్లో పెద్ద ఫ్రేములో ఉంటుంది అది. కాలువ నీళ్ల కోసం నిరాహార దీక్ష చేసిన ఒక రైతుకు బావ గ్లాసు అందిస్తుంటాడు, చుట్టూ జనం.

"గా ఫోటోల మీరేం ఇస్తున్నరు బావా?"

"నిమ్మరసం." ఫోటో ముచ్చట వస్తే ఆయన గొంతు మారిపోతుంది. "దీక్ష విరమింపజేసిన ఆ దినం. ఎంత మంది జనమనుకున్నవ్!"

"రసం తాగినంక దీక్ష అయిపోయినట్టా, ఇంకా నడిచినట్టా?"

"అయిపోయినట్టే. అందరు సప్పట్లు గొట్టిన్రు గద."

"గా రైతు దీక్ష రసంతోని విరిగింది. మరి మా అక్క ఒక్కపొద్దు ఎట్ల విరగలే?"

నేను గెలిచాను. గెలిచిన సంతోషం రెండు క్షణాలు కూడా నిలవలేదు. వెనక గడపలో నిలబడిన అక్క మెల్లగా అడిగింది.

"అంటే నావి అన్ని ఇరిగినయా చెల్లె?"

ఆమె ముఖం పాలిపోయింది. వేలు పోతుందన్నప్పుడు కూడా అక్క అట్లా కాలేదు. భర్త ప్రాణానికి పెట్టుకున్న మొక్కు ఇన్నేళ్లుగా ప్రతి పొద్దూ భర్త చేతులతోనే విరిగిందంటే, ఆమెకు మిగిలిందేమిటి? నేను ఏదో సర్దిచెప్పబోయాను. దేవుడికి మనసే ముఖ్యం, అదీ ఇదీ అన్నాను. అక్క వినలేదు.

"నీ దగ్గర షుగర్ సూసే మిషిన్ ఉన్నది గద. మీ అత్తమ్మది. తే" అంది. "నిజమేందో నా కండ్లతోని సూస్త."

మర్నాడు ఆదివారం మిషన్ పట్టుకుపోయాను. అక్క ఆ పొద్దు ఏమీ ముట్టలేదు, నిజమైన పరగడుపు. సూది గుచ్చి అంకె చూశాం. తర్వాత పళ్లెం నిండా పచ్చి కీర ముక్కలు, కొంత క్యారెట్ కోసి, నిమ్మచెక్క పిండి పెట్టాను. బావ సోఫాలో కూర్చుని నవ్వాడు. "బత్తాయికి, కీరకాయకు పందెమా? కీరల ఏమున్నదే, వట్టి నీళ్లు!"

వట్టి నీళ్లే బావా, దానికే మొక్కాలి! కీరలో నీళ్లు ఉన్నాయి, పీచు ఉంది, తీపి పేరుకు మాత్రమే ఉంది. క్యారెట్‌లో కాస్త తీపి ఉన్నా నమలాలి, నమిలింది పీచుతో కలిసి నెమ్మదిగా దిగుతుంది. బత్తాయిలో సి విటమిన్ దండిగా ఉంటుంది, కాదనను. బత్తాయి మీద నాకేం పగ లేదు, ఆరోగ్యంగా ఉన్నవాడు ఎప్పుడైనా ఒక చిన్న గ్లాసు తాగితే ఎవరూ చావరు. షుగర్ ఉన్న మనిషి కూడా డాక్టర్‌ను అడిగి నాలుగు తొనలు నమిలి తినొచ్చు. కాయను కాయలాగా తినకుండా, మంచిని వడగట్టి పారేసి, ఆరు కాయల తీపిని ఒక్కసారి కడుపులో పొయ్యడం మీదనే నా కోపమంతా. ఇదంతా ఆయనకు అప్పుడు చెప్పలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, మా ఇంట్లో వినేవాడికే చెప్పేది లోకువ.

పళ్లెం అంతా నమలడానికి అక్కకు చాలాసేపు పట్టింది. గంట తర్వాత సూది గుచ్చితే అంకె కాస్త కదిలింది, అంతే. సోమవారం పొద్దున అట్లాగే పరగడుపున చూసి, బావ పిండిన రసం తాగింది. గంట తర్వాత అంకె మూడు వందలు దాటింది.

"మిషిన్ ఖరాబైంది" అన్నాడు బావ.

ఇంకో వేలికి గుచ్చాను. అదే. బావ లేచి దుకాణంలోకి దిగిపోయాడు. అక్క ఖాళీ గ్లాసును కడిగి బోర్లించింది.

ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది. "అంటే నేను ఇన్ని నెలలు మీ బత్తాయి రసానికి మందు రాసిన్నా అమ్మా?" అంది. మందులు మార్చింది. రసం బంద్ అంది. కళ్లు తిరిగితే ముందు మిషన్‌తో చూడాలి, షుగర్ పడిపోయినప్పుడు మాత్రమే తీపి ఇవ్వాలి అని చెప్పింది. ఒక్కపొద్దు మానలేకపోతే కడుపు ఖాళీగా ఉంచొద్దు, పెసర మొలకలు, కీర, క్యారెట్ తింటూ ఉండు అంది. అక్క విన్నది. ఆ శనివారం నుంచి కీర నమిలింది. కొండవ్వ వచ్చినప్పుడు కూడా దాచుకోకుండా నమిలింది. షుగర్ దిగడం మొదలైంది.

కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పుండు అప్పటికే ఎముకలోకి పోయింది. పాదాన్ని కాపాడాలంటే వేలు తీసెయ్యాల్సిందే అన్నారు. వాచిన వేలికి మెట్టె ఊడి రాలేదు. నర్సు చిన్న కట్టర్‌తో కత్తిరించి బావ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని కిటికీ వైపు తిరిగాడు.

లోపలికి తీసుకుపోయే ముందు అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"రసం ముచ్చట ఎవ్వలకు చెప్పకు చెల్లె. మనిషి మంచి మనసుతోనే చేసిండు. నలుగుట్ల తల దించుకునేటట్టు చెయ్యకు."

"వేలు నీది పోతుంటే తల ఆయనది దించుకోవద్దా?"

"నా మీద ఒట్టు."

ఒట్టు వేయించుకుంది. పళ్లు బిగబట్టుకుని సరే అన్నాను. దవాఖానకు చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఏం తెచ్చారో చెప్పనా? బత్తాయిలు, రసం డబ్బాలు, రసం సీసాలు! "రెండు గుక్కలు తాగించుండ్రి, బలమొస్తది." ఒక్కొక్కరిని గది బయటే ఆపి, తెచ్చింది తెచ్చినట్టు తిప్పి పంపాను. పొగరుబోతని పేరు వచ్చింది, రానీ.

అక్క దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజు కొండవ్వ వచ్చింది. ఊరి నుంచి చుట్టాలను కూడా వెంటేసుకొచ్చింది. హాలు నిండిపోయింది. అక్క కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది, పక్కనే నేను. ఎదురుగా తన ఫోటో కింద బావ. కొండవ్వ పాదం వైపు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"నేను ముందే చెప్పిన పిల్లా. ఒక్కపొద్దు నాడు కీరకాయలు, గాజరగడ్డలు మేక లెక్క నములుతున్నవు, నియమం తప్పుతున్నవు అని. దేవుడు ఊకుంటడా? అండ్ల మెట్టెవేలే పాయె. రేపు మా తమ్ముని పానానికి ఏమన్న అయితే ఎవ్వలు జవాబు?"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వచ్చినవాళ్లు తలలూపారు. ఒకావిడ "అవు, నియమం కష్టమమ్మా" అని నిట్టూర్చింది. నేను లేవబోయాను. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె నా వైపు చూడటం లేదు. బావ వైపు చూస్తోంది.

ఒక్క మాట చాలు. "కీరతోని కాదు" అని ఆయన అంటే చాలు. అక్క ఎదురుచూసింది. బావ ఫోన్ చూసుకుంటున్నాడు. వేలితో పైకి జరుపుతున్నాడు, కిందికి జరుపుతున్నాడు. కొండవ్వ ఇంకా ఏదో అంటోంది, ఇప్పుడు ఏ గుళ్లో ఏ తప్పు మొక్కు చెల్లించాలో చెప్తోంది. అక్క ఇంకాసేపు చూసింది. తర్వాత నా మణికట్టు వదిలేసింది.

"వదినా, ఆపు!"

అది అక్క గొంతని నేనే గుర్తుపట్టలేదు.

"నేను కీర తినవట్టి ఎన్ని దినాలాయె? గా వేలు అంతకు ముందే నల్లబడ్డది. నా వేలు దేవుడు తియ్యలే, కీరకాయ తియ్యలే. బలమొస్తదని పొద్దుమాపు గ్లాసు గ్లాసు తాగించిన రసం తీసింది. ఎవ్వలు తాగించిన్రో గాడ కూసున్న మనిషిని అడుగు. అడుగు! నోరు లేదా ఆయనకు? శిబిరంల మైకు వట్టుకుంటే కిందికి దిగరు. ఇంట్ల పెండ్లాన్ని నలుగురు నాలుగు తీర్ల అంటుంటే ఫోన్ల తలకాయ పెట్టిన్రు!" బావ వైపు తిరిగింది. "మీ పానం కోసం కడుపు మాడ్చుకున్న. మీరు తలెత్తుకోవాలెనని నా చెల్లె నోరు గూడ కట్టేసిన. నా కోసం ఒక్క మాట మాట్లాడుటానికి మీకు పానం మీదికొచ్చిందా?"

బావ ఫోన్ ఒడిలోకి జారిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు. సభలో నిలబడినట్టు కాదు, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలాగా నిలబడ్డాడు.

"నేనే అక్కా. నేనే పిండిన, నేనే తాగించిన. సంగీత మిషిన్ల సూపెట్టినా ఖరాబైందన్న."

"రసమే గదరా..." అంది కొండవ్వ.

"రసమే అక్కా. నేను గూడ గదే అన్న."

కొండవ్వ చాయ్ కూడా తాగకుండా లేచిపోయింది. లేచిపోయి ఊరుకుందా? ఊరందరికీ కీరకాయ కథే చెప్పింది. తమ్ముడి మాట మింగేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం నేను పోయేసరికి ఇంట్లో విచిత్రం. అక్క అన్నం తిని, మందులు వేసుకుని కూర్చుంది. ఒక్కపొద్దు ఉన్నది బావ. "నా పానానికి మొక్కిన మొక్కు. ఇగ నేనే ఉంటా" అన్నాడట. మొహం వాడిపోయి ఉంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, బత్తాయిల బుట్ట వైపు చూసి, "రెండు కాయలు పిండుకుంటనే ప్రమీలా, కండ్లు తిరుగుతున్నయి" అన్నాడు.

"రసం తాగితే దీక్ష విరిగినట్టే. మీరే చెప్పిన్రు" అంది అక్క. తాను కోసిన కీర ముక్కల పళ్లెం ఆయన ముందుకు తోసింది. "నమలుండ్రి."

"ఉప్పు లేదు."

"నమలుండ్రి."

నమిలాడు. అక్క చూస్తూ కూర్చుంది. పళ్లెం ఖాళీ అయ్యాక అంది: "ఇప్పుడు కొండపాక పోయి రాండ్రి. వదిన ఎవ్వలెవ్వలకు చెప్పిందో గా ఇండ్లన్ని తిరిగి, నా వేలు ఎందుకు పోయిందో మీ నోటితోని చెప్పి రాండ్రి. మైకు అక్కర్లేదు."

ఆయన పోతాడనుకోలేదు నేను. పోయాడు. పొద్దు గూకే వేళకు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక్క ఇంట్ల మంచినీళ్లు ఇచ్చిన్రు" అన్నాడు. "ఇంకో ఇంట్ల, ఒక్కపొద్దు అంటే పాపమని బత్తాయి రసం పిండిచ్చిన్రు."

"తాగిన్రా?" అంది అక్క.

"తాగలే. ఎందుకు తాగనో చెప్పిన."

"ఏమని?"

బావ చొక్కా జేబులో చెయ్యి పెట్టి, కత్తిరించిన ఆ మెట్టెను తీసి చూపించాడు. "గిది సూపెట్టి చెప్పిన" అన్నాడు. అక్క ముందు చెయ్యి చాచి అట్లాగే పట్టుకున్నాడు.

అక్క దాన్ని తీసుకోలేదు.

"మీ జేబులనే ఉండనియ్యుండ్రి" అంది. "ఇంకా చానా ఇండ్లున్నయి."